ఏడో రాయి

మధ్యాహ్నం మూడూ నలభైకి బడి గంట కొట్టారు. మామూలుగా నాలుగింటికి కొట్టేవారు. ఆ రోజు అయ్యవారు గార్లదిన్నెకు పోయే బస్సు అందుకోవాలి కాబట్టి ఇరవై నిమిషాలు ముందుగా వదిలారు. గడియారం చూడడం మేము ఆ వారమే నేర్చుకున్నాం. మేకుకు వేలాడే ఆయన జేబు గడియారంలో చిన్న ముల్లు ఎక్కడుందో, పెద్ద ముల్లు ఎక్కడుందో తరగతి మొత్తం గట్టిగా చెప్పాం. అందుకే ఆ సమయం గుర్తుంది. ఆ తర్వాత జరిగినవి ఎన్ని గంటలకు జరిగాయో చెప్పలేను.

అరవైల మొదటి సంవత్సరాలవి. నాకు తొమ్మిదేళ్లు. వరసగా మూడో ఏడు వాన లేదు.

పలక ఇంట్లో పడేసి ఎక్కడికి పోతున్నానని అమ్మ అడిగేది కాదు. మా వీధి పిల్లలు పోయే చోటు ఒకటే. వీధి చివర, ఇళ్లు అయిపోయాక, మా నాయన బావి ఉండేది. అది కపిల బావి. బావి గట్టు నుంచి చేను వైపుకు మట్టి వాలు ఒకటి దిగుతుంది. ఎద్దులు మోకు లాగుతూ ఆ వాలు దిగితే, తోలు బాన నీళ్లతో బావిలోంచి పైకి వస్తుంది. అవే ఎద్దులు వెనక్కి నడుస్తూ గట్టు దాకా ఎక్కితే, బాన మళ్లీ లోపలికి దిగుతుంది. ఆ వాలును కపిల బాట అంటారు. నేను పుట్టకముందు నుంచీ ఎద్దులు నడిచి నడిచి ఆ బాట గచ్చులా నున్నగా అయ్యింది. బావి ఎండిపోయాక ఎద్దులకు అక్కడ పని లేదు. బాట మాకు మిగిలింది.

గోనెపట్ట మీద కూర్చుని పైనుంచి కిందికి జారేవాళ్లం. వాలుకు రెండు పక్కలా మట్టి కట్టలు ఉండేవి కాబట్టి కింది కొసలో ఎప్పుడూ కొంత నీడ ఉండేది. ఆ నీడలో అచ్చనగాయలు ఆడేవాళ్లం. కానీ మాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఎద్దులాట. ఒకరు ఎద్దు, ఒకరు తోలేవాళ్లు. ఎద్దు అయినవాళ్లు కింది నుంచి వెనక్కి నడుస్తూ వాలు ఎక్కాలి. తల తిప్పి చూడకూడదు. పైన వాళ్ల వీపు వెనక ఉండేది బావి. గట్టురాయి మోకాలి ఎత్తు కూడా ఉండదు. గట్టుకు రెండు అడుగులు ఉందనగా తోలేవాళ్లు "నిలు" అనాలి. ఆ మాట మీదే ఎద్దు ఆగాలి. పెద్దవాళ్లు చూస్తే తిట్టేవారు. అందుకని వాళ్లు చూడనప్పుడు ఆడేవాళ్లం.

నేను ఎక్కువగా ఒక పిల్లతోనే ఆడేదాన్ని. నాకన్నా ఒక ఏడు పెద్దది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమె పిల్లలకు ఈ సంగతి తెలియదు. ఆమె తండ్రి బావులు తవ్వే మేస్త్రీ. తనకల్లు వైపు నుంచి భార్యను, కూతురిని వెంటబెట్టుకుని వచ్చి, మా బావి పక్కనే కొట్టం వేసుకున్నాడు. బావి లోతు చేస్తే నీళ్లు పడతాయని మా నాయన ఆయన్ను పిలిపించాడు. ఆ ఏడు నీళ్లు పడకపోతే ఎద్దులను అమ్మక తప్పదని ఇంట్లో అనుకోవడం నేను విన్నాను.

బావి అడుగున బండ తగిలింది. బండ తగిలాక గడ్డపార పని చేయదు. ఉలితో, సమ్మెటతో బండలో మూరెడు లోతు గుంతలు కొట్టి, వాటిలో పేలుడు మందు కూరి, వత్తి పెట్టి, పైన బంకమట్టి బిగించేవారు. మేస్త్రీ అన్ని వత్తులకూ నిప్పంటించి, బావి గోడలో దిగేసిన మెట్లరాళ్లు పట్టుకుని పైకి వచ్చేసేవాడు. వత్తుల పొడవు ఒకేలా ఉండదు కాబట్టి గుంతలు ఒకదాని తర్వాత ఒకటి పేలేవి. ఒక్కో పేలుడును వాళ్లు ఏటు అనేవారు. ఎన్ని వత్తులు అంటిస్తే అన్ని ఏట్లు వినబడాలి. ఒకటి తగ్గిందంటే, పేలని మందు బండలో మిగిలి ఉన్నట్టు. తెలియక దాని మీద గడ్డపార వేసినవాడు బతకడు.

ఆ లెక్క మేస్త్రీయే పెట్టుకోవాలి. కానీ ముప్పై ఏళ్లు బావుల్లో మందు పేల్చి ఆయన చెవులు పోయాయి. పేలితే ఆయనకు కాళ్ల కింద నేల అదురు తెలిసేది కానీ, ఎన్ని పేలాయో తెలిసేది కాదు. కూలీలు ఇద్దరూ దారులకు అడ్డంగా నిలబడి మనుషులను ఆపేవారు. మా నాయన పశువులను మళ్లించేవాడు. అందుకని లెక్క పిల్లలది. వత్తులు అంటించడానికి దిగేముందు మేస్త్రీ ఎన్ని గుంతలో అన్ని రాళ్లు ఏరి నా చేతిలో పెట్టేవాడు. ఒక్కో ఏటుకు ఒక్కో రాయి కింద వేయాలి. పొగ తగ్గాక ఆయన వచ్చి నా చెయ్యి చూసేవాడు. చెయ్యి ఖాళీగా ఉంటే దిగేవాడు. రాయి మిగిలి ఉంటే ఆ రోజుకు ఎవరూ దిగకూడదు.

"నా చెవులు బండ తినేసిందిలే పాపా," అనేవాడు, చెవిటివాళ్లు మాట్లాడినట్టు పెద్దగా. "నీయి కొత్తవి. ఈ పూటకు నాకియ్యి."

రాళ్లు పట్టుకోవడానికి పిల్లలందరం పోటీ పడేవాళ్లం. బావి మాది కాబట్టి ఎక్కువసార్లు నాకే దక్కేవి. ఆయన కూతురు పక్కన కూర్చునేది కానీ, రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకునేది. తండ్రి చెవుల మాదిరి అవుతాయని వాళ్లమ్మ అలా చెప్పింది. చెప్పినట్టు చేసేది.

లెక్కలో ఒక చిక్కు ఉండేది. ఒక్కోసారి రెండు ఏట్లు కలిసి ఒకేసారి పడతాయి. దాన్ని జంట అనేవారు. జంటకు రెండు రాళ్లు వేయాలి. జంట చప్పుడు పెద్దగా ఉంటుందని చెప్పేవారు. ఎంత పెద్దగా ఉంటే జంటో ఎవరూ చెప్పలేదు.

నేను చెబుతున్న రోజుకు పది రోజుల ముందు, ఐదు రాళ్లు ఇస్తే నా చేతిలో ఒకటి మిగిలింది. మిగిలిందని చెప్పాను. పేలని మందును చంపాలంటే నీళ్లు పోసి నానబెట్టాలి. ఊరికి మైలు దూరంలో వంకలో చెలమలు ఉండేవి, ఇసుకలో తవ్విన గుంటలు. చిప్పతో తోడుతూ కూర్చుంటే ఒక బిందె నిండడానికి గంట పట్టేది. మా వీధి ఆడవాళ్లు ఇళ్లలో ఉన్న నీళ్లు తెచ్చి, ఎండిన బావిలో పదహారు బిందెలు కుమ్మరించారు. మరునాడు మేస్త్రీ దిగి చూస్తే ఐదు గుంతలూ పేలి ఉన్నాయి. జంటను నేను ఒకటిగా విన్నాను.

మేస్త్రీ నవ్వేశాడు. చెలమ దగ్గర మాత్రం చాలా రోజులు అదే మాట.

"మీ పాప చెవికి పదహారు బిందెలక్కా," అన్నది ఒకామె మా అమ్మతో. "ఆ చెవుల్లో గుబిలి తీసింటే రెండు బిందెలతో పోయేది."

అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వవలసి వచ్చింది. ఇంటికి వచ్చి బిందె దించాక, "తెలీకుంటే తెలీదని వేరే పిల్లకి ఇయ్యల్ల," అన్నది. అంతే అన్నది.

ఆ రోజు బడి ముందుగా వదిలారు కాబట్టి అందరికన్నా ముందు బావి దగ్గరికి నేను చేరాను. నా జతగత్తె బాట ఊడుస్తోంది. మేస్త్రీ గట్టు మీద కూర్చుని వత్తులు కోస్తున్నాడు.

"వచ్చితివా. ఈ పొద్దు ఏడు," అన్నాడు. రాళ్లు నా చేతిలో ఒక్కొక్కటే పెట్టాడు. "పోయినసారి మాదిరి నా బావిని చెరువు చేసేవు."

కూలీలు నవ్వారు. ఆయన మనసులో ఏమీ లేదు. నాకు మాత్రం ముఖం వేడెక్కింది.

మేమిద్దరం వాలు కింది కొసన, మట్టి కట్టను ఆనుకుని కూర్చున్నాం. రాళ్లు ఎగిరినా అక్కడిదాకా రావు. "మందూ, మందూ, తప్పుకోండప్పా" అని కూలీలు అరిచారు. మేస్త్రీ పైకి వచ్చి చింతచెట్టు వెనక్కి నడిచాడు. ఆయన ఎప్పుడూ పరుగెత్తేవాడు కాదు.

ఒకటి. రాయి వేశాను. రెండు. కొంచెం సేపు ఏమీ లేదు. తర్వాత మూడు, నాలుగు, ఐదు వెంట వెంట పడ్డాయి. ఒక్కోదానికి ఒక్కో రాయి వేశాను, తడబడలేదు. మళ్లీ చాలాసేపు ఏమీ లేదు. నా జతగత్తె చెవుల్లో వేళ్లు పెట్టుకునే నా చేతివైపు చూస్తోంది. అప్పుడు ఆరోది పడింది. దాని అదురు మట్టి కట్టలోంచి నా వీపుకు తగిలింది. రాయి వేశాను.

ఇంకొకటి చేతిలో ఉంది.

కాచుకున్నాను. మనసులో వంద దాకా లెక్కపెట్టాను. తర్వాత మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. బావి మీంచి పొగ పైకి పోతోంది. ఆరోది పెద్దగానే వినబడింది. పెద్దదే. కానీ పోయినసారి జంట ఎంత పెద్దగా పడిందో గుర్తు తెచ్చుకోబోతే నాకు ఏమీ గుర్తు రాలేదు. మా అమ్మ చెలమ దగ్గర నవ్విన ముఖం మాత్రం గుర్తొచ్చింది.

నా జతగత్తె చెవుల్లోంచి వేళ్లు తీసింది. చెమట తుడుచుకుంటూ అటు తిరిగింది. అప్పుడు నేను వేళ్లు వదులు చేశాను. ఏడో రాయి జారి మిగిలిన ఆరింటి మధ్య పడింది.

"అయిపాయనా మే?" అని అడిగింది.

"అయిపాయ," అన్నాను.

అప్పటికి నేను అబద్ధం ఆడుతున్నానని అనుకోలేదు. అది జంటేనని నిర్ణయం చేసుకున్నాను, అంతే. పొగ తగ్గడానికి ఒక బీడీ తాగేంత సేపు పడుతుంది. మేస్త్రీ ఒక బీడీ తాగాడు. ఆ కొంతసేపూ నాకు ఉంది. ఏమీ చెప్పకుండానే అది గడిచింది.

ఆయన వాలు దిగి వచ్చాడు. "ఏదీ, చెయ్యి చూపిచ్చు."

చూపించాను.

"సెబాష్. ఏడూ పలికినాయి," అని నా అరచేతిని తన వేలితో ఒకసారి తట్టి వెళ్లిపోయాడు.

మా నాయన గిలక దగ్గరికి వచ్చాడు. రాళ్లు పైకి లాగే గంపను మోకుకు కట్టి లోపలికి వదిలాడు. మేస్త్రీ భార్య, కూలీలు ఇద్దరూ మోకు పట్టుకోవడానికి నిలబడ్డారు. మేస్త్రీ ఆరిన బీడీ పళ్ల మధ్య పెట్టుకుని, తలగుడ్డ బిగించుకుని గడ్డపార భుజాన వేసుకుని గట్టు దాటాడు. మొదటి మెట్టురాయి మీద కాలు పెట్టాడు. నడుము దాకా కనబడ్డాడు, తర్వాత భుజాలు, తర్వాత తలగుడ్డ. ఆ తర్వాత ఏమీ కనబడలేదు.

మెట్లరాళ్లు ముప్పై రెండు. మేము ఎన్నోసార్లు లెక్కపెట్టాం. ఒక్కోదానికి ఆయనకు ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు.

"రా మే, ఎద్దులాట ఆడదాం," అన్నది నా జతగత్తె. "అందరూ ఆ పక్క ఉండారు. ఎవరూ సూడరు."

నేను కదలలేదు. ఆమె అప్పటికే వీపు బావి వైపు తిప్పి, నా ముఖంలోకి చూస్తూ వెనక్కి నడవడం మొదలుపెట్టింది. అంటే తోలేది నేను. ఆమె కాళ్లు చూడవలసింది నేను. నా చెవులు మాత్రం బావిలో ఉన్నాయి. పద్దెనిమిది, పందొమ్మిది. ఆమె నవ్వుతూ ఎక్కుతోంది. ఇరవై ఐదు. ఆమె ముక్కాలు వాలు ఎక్కింది. ముప్పై రెండు. ఆయన అడుగుకు చేరినట్టు ఉంది, గంపను బండ మీద జరిపిన చప్పుడు వినబడింది. వదులైన రాళ్లను ముందు గడ్డపారతో పెళ్లగిస్తారు. ఆ పని ఎలా ఉంటుందో నేను చాలాసార్లు గట్టు మీంచి చూశాను. పైకెత్తి సందులో దించుతారు.

లోపల గడ్డపార బండకు తగిలి ఖణేలుమంది.

నా జతగత్తె మడమ గట్టురాయికి కొట్టుకుంది. తూలి, చేతులు చాచి నిలదొక్కుకుంది. తల తిప్పి వెనక బావిని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఏం మే, నోట్లో ఏముండాది? నిలు అనవా?"

కింద పడి ఉన్న ఏడు రాళ్లలోంచి ఒకటి తీసుకుని పరుగెత్తాను. ఏది ఏడోదో నాకు తెలియదు. చేతికి వచ్చింది తీసుకున్నాను.

నాయన మోకు పట్టుకుని ఉన్నాడు. ఆయన ముందు చెయ్యి చాచాను.

"ఒక రాయి ఉండాది నాయనా."

ఆయన రాయిని చూశాడు. "యాడిది?"

"లంగా మడతలో పడింది. ఇప్పుడు సూసినా."

నేను అన్నది అదే. ముందుగా అనుకున్నది కాదు. అడగగానే నోట్లోంచి వచ్చింది.

నాయన కేక వేయలేదు. వేసినా లోపల ఉన్న మనిషికి వినబడదు. మోకును మూడుసార్లు లాగాడు. మూడుసార్లు లాగితే పైకి రమ్మని గుర్తు. లోపల నుంచి మోకు తిరిగి ఒకసారి గుంజినట్టయింది. ఆ వెంటనే మేస్త్రీ గొంతు బావి అంతా మోగుతూ పైకి వచ్చింది.

"గంప ఇంకా నిండలేదన్నా. ఏం తొందర, పెండ్లికి పోతాండావా?"

మళ్లీ గడ్డపార చప్పుడు. మేస్త్రీ భార్య నా చేతిలోని రాయిని చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూలీల్లో ఒకడు గట్టు వైపు అడుగు వేయబోతే, నాయన చేత్తో వద్దన్నాడు. చిన్న రాయి లోపలికి దొర్లినా ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

నాయన గట్టు మీద బోర్లా పడుకుని, నడుము దాకా బావి మీదికి వంగాడు. లోపల వెలుతురు తగ్గితే మనిషి తల ఎత్తుతాడని ఆయన అనుకున్నాడు. నేను ఆయన కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన చెప్పు ఒకటి జారి నా ముందు పడింది. గడ్డపార చప్పుడు ఆగింది. నాయన కుడిచెయ్యి బావిలోకి చాపి, ఒకటి మిగిలిందని ఒక వేలు చూపించాడు. వేలిని కదిలించకుండా అలాగే ఉంచాడు.

తర్వాత లోపల నుంచి ఏమీ వినబడలేదు. మేస్త్రీ గడ్డపారను చప్పుడు కాకుండా గోడకు ఆనించి, నిలబడిన చోటనుంచి మెట్లరాయి దాకా పాదాలు నేలకు రుద్దకుండా ఎత్తి ఎత్తి వేసుకుంటూ వచ్చాడని నాయన తర్వాత చెప్పాడు. పైన ఉన్న మాకు తెలిసింది ఒక్కటే, చాలాసేపటికి మెట్లరాళ్ల మీద ఊపిరి వినబడింది. తలగుడ్డ కనబడింది. నాయన ఆయన చంకల కింద చేతులు వేసి గట్టు ఇవతలికి లాగాడు.

మేస్త్రీ మట్టిలో కూర్చున్నాడు.

"యాడుండాది నా బీడీ?" అన్నాడు.

బీడీ ఆయన నోట్లోనే ఉంది. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు ఆయన భార్య మా వైపు తిరిగింది. నన్ను చూసింది. నా మీదికి రాలేదు. రాలేదు, ఎందుకంటే బావి మా నాయనది. పక్కన నిలబడిన తన కూతురి చెంప మీద కొట్టింది. ఒకటి కాదు.

"పక్కనే కూసోని ఏం చేస్తాంటివి? ఆ పాప మడతలో రాయి పడితే నీకు కండ్లు లేవా? మీ నాయన సస్తే ఎవుడు పెడ్తాడు నీకు?"

"ఏమంటాంది?" అని మేస్త్రీ మా నాయనను అడిగాడు. ఆయనకు వినబడలేదు.

నా జతగత్తె ఏడవలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని నా లంగా వైపు చూసింది. నేను గట్టిగా కట్టుకున్న పొట్టి లంగాలో రాయి నిలిచే మడతలు ఎక్కువ లేవు. అప్పుడు ఒక మాట అంటే సరిపోయేది. ఆ మాట ఏమిటో కూడా నాకు తెలుసు.

నీళ్లకు కూలీలు వీధిలోకి పోయారు. పోయినసారి కన్నా ఎక్కువ మాటలు పడతాయని నేను అనుకున్నాను. ఒకామె మాత్రం తన గుమ్మంలోంచి "మళ్లీనా?" అన్నది. మా అమ్మ మా రెండు బిందెలూ తెచ్చి మొదట తానే పోసింది. బావిలో ఉత్తరపు మూల పల్లం. మేస్త్రీ అక్కడ వేలు చూపిస్తే, ఆ గోడ వెంబడి పోశారు. ఎండిన బావిలో నీళ్లు పడుతున్న చప్పుడు విని పక్క వీధి పిల్లలు నీళ్లు పడ్డాయనుకుని పరుగెత్తుకొచ్చారు. దీపాలు పెట్టేవేళ దాకా పోస్తూనే ఉన్నారు. ఆ పూట మా ఇంట్లో సంగటి కెలకలేదు. వేయించిన చెనిక్కాయలు తిని పడుకున్నాం.

మరునాడు పొద్దున మేస్త్రీ ఒక్కడే దిగాడు. పైకి వచ్చి ఒక ఆకును గట్టు మీద పెట్టి విప్పాడు. నల్లటి ముద్ద, తడి. దాని పక్కన బొటనవేలి అంత వత్తి మిగిలి ఉంది.

"సూడు పాపా," అన్నాడు. "నీ ఏడోది. దీని మూతి మీదనే గడ్డపార పెట్టింటి."

అది జంట కాదు.

ఆ రోజు వీధిలో నన్ను మెచ్చుకోని వాళ్లు లేరు. చెలమ దగ్గర నవ్విన ఆమె మా ఇంటికి వచ్చి నా తల నిమిరి, పోయినసారి అన్న మాటకు బాధపడింది. మేస్త్రీ భార్య నాకు బెల్లపు ఉండ తెచ్చి ఇచ్చింది. "నువ్వు సూడకుంటే నా బతుకు ఏమయ్యేది," అన్నది. నేను తీసుకున్నాను. తిన్నాను కూడా.

నాయన మాత్రం ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు.

"మడతలో పడిందా?"

"పడింది."

ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత వత్తులు అంటించిన ప్రతిసారీ పశువులను మళ్లించే పని కూలీకి అప్పజెప్పి, రాళ్లు తానే పట్టుకుని నిలబడ్డాడు.

నా జతగత్తె నాలుగు రోజులు బాట దగ్గరికి రాలేదు. ఐదో రోజు వచ్చింది. చెంప మామూలుగా అయ్యింది. కొంచెం సేపు గోనెపట్ట మీద జారాం. తర్వాత ఆమె కింది కొసన నిలబడి, వీపు బావి వైపు తిప్పి, "రా మే, తోలు," అన్నది. ముందు మాదిరే నవ్వుతూ వెనక్కి నడవడం మొదలుపెట్టింది. సగం వాలు కూడా ఎక్కకముందే నేను "నిలు" అన్నాను. ఆమె ఆగింది. "ఇంకా దూరం ఉండాది కదమే," అన్నది. నేను తల నొప్పి అని చెప్పి ఇంటికి వచ్చేశాను. ఆమె నన్ను నమ్మడం మానేసి ఉంటే నేను ఇంకా ఆడేదాన్నేమో. తెలియదు. బాట మీద మిగిలిన పిల్లలు ఎండాకాలం అంతా ఆడారు. నేను మళ్లీ పోలేదు.

బావిలో నీళ్లు పడలేదు. ఎద్దులను అమ్మేశాం. మేస్త్రీ కుటుంబం ఆ ఏడాది చివర కొట్టం విప్పుకుని తాడిపత్రి వైపు, బండలు కోసే పనికి పోయింది. ఆయన అక్కడే ముసలివాడై, మంచంలో పోయాడు. నా జతగత్తెకు పెళ్లి కూడా ఆ ఊళ్లోనే చేశారు. నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి అక్కడ పని పడి, అడిగి అడిగి ఆమె ఇల్లు కనుక్కున్నాను. గడపలోనే గుర్తుపట్టింది. అప్పటినుంచి ఏటా ఒకసారి పోయేదాన్ని. ఆమె బండలకు పాలిష్ పట్టే చోట పనిచేసేది. ముందు దగ్గు వచ్చింది, తర్వాత ఆయాసం. ఆమె మనవలకు పుస్తకాలు తీసుకుపోయేదాన్ని. ఆమె నాకు జొన్నరొట్టెలు చేసిపెట్టేది. పిల్లలు అడిగితే ఎద్దులాట గురించి చెప్పేది. రాయి గురించి చెప్పేది కాదు.

ప్రతిసారీ చెప్పాలనే బస్సు ఎక్కేదాన్ని. దిగి ఆమె ఇంటికి నడుస్తూ మాటలు సరిచూసుకునేదాన్ని. ఆమె ఎదురుగా కూర్చున్నాక, ఇన్నేళ్ల తర్వాత చెప్పడం నా కోసమే కదా, ఆమెకు దీనివల్ల ఏం వస్తుంది అనుకునేదాన్ని. అది నిజమే. కానీ నేను చెప్పకపోవడానికి అదే కారణం కాదు. ఒకసారి మాత్రం ఆమె తానుగా, రొట్టె తిప్పుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"మే, ఆ పొద్దు మడతలోనే పడిందా?"

మాకప్పుడు అరవై దాటాయి. "పడింది," అన్నాను.

"సరేలే," అన్నది. రొట్టె నా పళ్లెంలో వేసింది.

పడలేదు. నేనే వదిలాను. ఆమె తిన్న దెబ్బలు నావి.

పోయిన శ్రావణంలో ఆమె పోయిందని కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. నేను పోయేసరికి అంతా అయిపోయింది. తాడిపత్రికి ఏటా పోయేదాన్ని. ఇప్పుడు పోవడం లేదు.